ఉద్యోగం లేదన్న తండ్రి నుంచి పాపకు భరణం: ఒక కేసు పూర్వాపరాలు

భరణం పిటిషన్‌కి "నాకు ఉద్యోగం లేదు" అని కౌంటరు (అవతలి పక్షం రాతపూర్వక జవాబు) రాగానే పిటిషనర్ వైపు వాళ్లు ఎక్కువగా చేసే పని, ఆయనకు రహస్యంగా ఉద్యోగం ఉందని నిరూపించబోవడం. అందులోనే ఏడాది గడిచిపోతుంది. ఈ కేసులోనూ మొదట దారి అటే పట్టింది. తర్వాత వాదన మార్చి, ఉద్యోగం సంగతి పక్కన పెట్టి, సంపాదించగల శక్తి ఎంత, ఇప్పుడు ఇల్లు గడుస్తున్నది దేంతో అన్న రెండు ప్రశ్నల మీద నిలబడ్డాకే ఆర్డరు వచ్చింది. పాప తరఫున ఈ కేసు నడిపిన మేము ఊళ్లు, సంస్థలు, తేదీలు తీసేశాం. అంకెల్ని నిష్పత్తి చెడకుండా మార్చాం.

నేపథ్యం

పాప తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, హిందూ వివాహ చట్టం 13బి కింద విడాకులు తీసుకున్నారు. పాపకు అప్పుడు నాలుగేళ్లు, పిటిషన్ వేసేనాటికి ఏడు, చదువు రెండో తరగతి. పాప తల్లి దగ్గరే ఉంది. తల్లి ప్రైవేటు స్కూల్లో టీచరు, ట్యూషన్లతో కలిపి నెలకు చేతికొచ్చేది 24,000. తండ్రి ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదేళ్లకు పైగా పనిచేశారు. చివరి ఉద్యోగంలో చేతికొచ్చిన జీతం 62,000.

విడాకుల ఒప్పందంలో ఒక వాక్యం ఉంది: భార్యకు ఏకమొత్తం ముట్టింది, ఇకపై తనకు గానీ పాపకు గానీ భరణం అడగబోమని. ఇలాంటి వాక్యం చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. ఆనాటి తొందరలో ఎవరూ దాని గురించి ఆలోచించరు. మూడేళ్ల పాటు తండ్రి తోచినప్పుడు తోచినంత పంపేవారు. తర్వాత అదీ ఆగిపోయింది. తల్లి మరో వకీలు ద్వారా లీగల్ నోటీసు పంపితే, నోటీసు అందిన మూడు వారాలకు ఆయన రాజీనామా చేశారు.

నోటీసు గురించి ఒక మాట. భరణం పిటిషన్ వేయడానికి ముందు నోటీసు పంపి తీరాలన్న నియమం చట్టంలో లేదు. అవతలి మనిషికి జీతం వస్తుండగా నోటీసు పంపితే సర్దుకోడానికి వ్యవధి ఇచ్చినట్టే. అయితే ఇక్కడ ఆ నోటీసే చివరికి పనికొచ్చింది. రాజీనామా తేదీ నోటీసు తర్వాత పడింది కాబట్టి, ఉద్యోగం పోయిందా, తానే వదులుకున్నారా అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీదే దొరికింది.

ఏ సెక్షన్ కింద, ఎవరి పేరున

2024 జులై 1 నుంచి భరణానికి సంబంధించిన సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 వచ్చింది. 125 నుంచి 128 వరకూ ఉన్నవి ఇప్పుడు 144 నుంచి 147. సారంలో పెద్ద మార్పు లేదు. పాత తీర్పులన్నీ పనికొస్తాయి. హిందూ వివాహ చట్టం 26 కింద కూడా అడగొచ్చు, విడాకుల డిక్రీ తర్వాతా ఆ దారి తెరిచే ఉంటుంది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956లోని 20వ సెక్షన్ పిల్లల పోషణ బాధ్యతను తల్లిదండ్రులిద్దరి మీదా పెడుతుంది.

144నే ఎంచుకోవడానికి కారణం వేగం. మధ్యంతర భరణం (తుది ఆర్డరు వచ్చేదాకా ఇచ్చే భరణం) దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని ఆ సెక్షన్లోనే ఉంది. "వీలైనంతవరకు" అన్న మాట దగ్గరే జాప్యమంతా జరుగుతుంది గానీ, వాయిదా అడిగినప్పుడల్లా చూపించడానికి ఒక గడువంటూ ఉంటుంది.

పిటిషన్‌ను మైనర్ అయిన పాప పేరున, తల్లి సంరక్షకురాలిగా వేశాం. తల్లికి విడిగా భరణం అడగలేదు. ఆమెకు అది నచ్చలేదు. కానీ ఆమె ఏకమొత్తం తీసుకున్నారు, సంపాదిస్తున్నారు. తన కోసం కూడా అడిగితే కేసంతా ఆ ఒప్పందం చుట్టూ, ఆమె జీతం చుట్టూ తిరుగుతుంది. పాప ఒక్కతే పిటిషనర్ అయితే ఒప్పందంలోని ఆ వాక్యానికి జవాబు సూటిగా ఉంటుంది: పాప ఆ ఒప్పందంలో పార్టీ కాదు, బిడ్డ హక్కును తల్లి సంతకం రద్దు చేయలేదు. మొదటి వాదనలోనే కోర్టు దీన్ని ఒప్పుకుంది. అవతలి వకీలు కూడా పెద్దగా పట్టుబట్టలేదు.

తాతయ్యను, అంటే తండ్రి తండ్రిని కూడా పార్టీగా చేర్చమని తల్లి అడిగారు. ఆయనకు పింఛను వస్తుంది, సొంత ఇల్లుంది. చేర్చలేదు. 144 కింద బిడ్డను పోషించాల్సిన బాధ్యత తల్లిదండ్రులదే, తాతది కాదు. ఆయన్ని ఇరికిస్తే ఆయన వేరే వకీలును పెట్టుకుంటారు, వాయిదాలు రెట్టింపవుతాయి.

అడిగిన మొత్తం ఎలా కట్టాం

మొదటి డ్రాఫ్టులో ఎవరో 30,000 అని రాసి ఉంచారు. ఆ అంకెకు ఆధారం లేదు. కోర్టు దాన్ని నమ్మకపోవడమే కాదు, మిగతా అంకెల్నీ అనుమానిస్తుంది. అందుకే పాప ఒక్కదాని ఖర్చుల పట్టిక మళ్లీ రాశాం. స్కూలు ఫీజు ఏడాదికి 54,000, నెలకు 4,500. వ్యాను 1,500. పుస్తకాలు, యూనిఫాం ఏడాదికి 9,000, నెలకు 750. తల్లి స్కూలు నుంచి వచ్చేదాకా పాపను ఉంచే క్రెష్‌కి 3,000. తిండి, పాలు 4,000. ఇంటద్దె 9,000లో పాప వాటాగా మూడో వంతు, 3,000. పాపకు ఆయాసం ఉంది, ఇన్‌హేలర్లు, డాక్టరు ఫీజు కలిపి 1,200. బట్టలు, చిల్లర 1,050. మొత్తం 19,000.

అద్దెలో సగం రాయమని తల్లి అడిగారు. మూడో వంతే రాశాం. ఇద్దరే ఉన్న ఇల్లు కాబట్టి సగమూ తప్పు కాదు, కానీ పాప లేకపోయినా ఆమె ఒక గది అద్దెకు తీసుకోవాల్సిందే కదా అన్న ప్రశ్న వస్తుంది. అవతలివాళ్లు కొట్టేయగలిగిన అంకె ఒక్కటున్నా మొత్తం పట్టిక బలహీనపడుతుంది. ప్రతి పద్దుకూ రసీదు జతచేశాం. క్రెష్‌కి రసీదు లేదు, ఆ ఇంటావిడ దగ్గర ఉత్తరం రాయించుకున్నాం.

ట్యూషన్ల డబ్బు చూపించాలా అని తల్లి తటపటాయించారు. చూపించి తీరాలన్నాం. ఆ డబ్బు ఫోన్‌పే, గూగుల్‌పేలో ఆమె ఖాతాకే వస్తోంది, ఆమె స్టేట్‌మెంటు కూడా కోర్టుకు వెళ్తుంది. అవతలాయన దాచారని వాదించబోయే మనిషి అఫిడవిట్లో తన ఆదాయం దాస్తే అక్కడితో కేసు అయిపోయినట్టే.

ఇక ఇద్దరి మధ్య పంపకం. పాత జీతాల నిష్పత్తిలో, 24కి 62 చొప్పున, తండ్రి వాటా 72 శాతం, అంటే దాదాపు 13,700. పిటిషన్‌లో 13,500 అడిగాం. ఆయన 30,000 మాత్రమే సంపాదించగలరనుకున్నా వాటా 10,500 దాటుతుందని అదే పేజీలో రెండో లెక్క కూడా ఇచ్చాం. ఇలా రెండు లెక్కలివ్వడం బలహీనతగా కనిపిస్తుందని కొందరు వకీళ్లు అంటారు. ఈ రకం కేసుల్లో అదే బలం. జడ్జిగారు పాత జీతాన్ని పక్కన పెట్టాలనుకుంటే, దిగడానికి చేతికందే దూరంలో ఇంకో మెట్టు ఉండాలి. లేకపోతే మూడు వేలకో నాలుగు వేలకో దిగిపోతారు.

మొదట పనిచేయనివి

తండ్రి కౌంటరు క్లుప్తంగా ఉంది. రాజీనామా చేశాను, మార్కెట్ బాగాలేదు, తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నాను, తల్లి సంపాదిస్తోంది కాబట్టి పాపకు లోటు లేదు.

దీనికి మొదట ఇచ్చిన జవాబు ఇన్‌స్టాగ్రామ్ స్క్రీన్‌షాట్లు. కారు పక్కన నిలబడ్డ ఫొటో, రిసార్టులో ఫొటో. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఫ్యామిలీ కోర్టు చట్టం, 1984లోని 14వ సెక్షన్ సాక్ష్యం విషయంలో కొంత వెసులుబాటు ఇస్తుంది కాబట్టి సర్టిఫికెట్ లేకపోయినా చూడమని అడగొచ్చు. అడిగాం, చూశారు. ఫలితం సున్నా. రిసార్టుకు స్నేహితులు తీసుకెళ్లారన్నారు. ఫొటో ఆయన అక్కడున్నారని చెబుతుంది గానీ డబ్బెవరు కట్టారో చెప్పదు.

ఆయన ఆదాయపు పన్ను రిటర్నుల కోసం తల్లి అప్పటికే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఉన్నారు. వ్యక్తిగత సమాచారమని సమాచార హక్కు చట్టం 8(1)(జె) కింద తిరస్కరించారు. పన్ను రిటర్నులు వ్యక్తిగత సమాచారమేనన్న 2012 నాటి సుప్రీంకోర్టు గిరీశ్ దేశ్‌పాండే తీర్పు తర్వాత ఈ తిరస్కరణ ఊహించదగ్గదే. ఆ కాగితాలు కావాలంటే కోర్టు ద్వారానే అడగాలి.

కోర్టు ద్వారా మొదట అడిగిన తీరు సరిగా లేదు. "ప్రతివాది పేరున ఉన్న అన్ని బ్యాంకు ఖాతాల వివరాలు, అన్ని పెట్టుబడులు, అన్ని ఆస్తులు సమర్పించాలి" అని దరఖాస్తు. ఇది ఏదో ఒకటి దొరక్కపోతుందా అని వల వేసినట్టుందని అవతలి వకీలు అభ్యంతరం చెప్పారు, కోర్టు ఒప్పుకుంది. ఆయన ఒక్క ఖాతా స్టేట్‌మెంటు ఇచ్చి ఊరుకున్నారు. అందులో ఉన్నది 41,000.

మీడియేషన్‌లో ఆయన నెలకు 3,000 ఇస్తానన్నారు, ప్రతి వారాంతం పాపను పంపితేనే అన్న షరతుతో. తల్లి కోపంతో అప్పటిదాకా పంపుతున్న ఆదివారాలు కూడా ఆపేశారు. వెంటనే మళ్లీ మొదలుపెట్టించాల్సి వచ్చింది. పాపను చూడటం వేరు, పాపకు ఖర్చు పెట్టడం వేరు, ఒకదానికి ఇంకొకటి అద్దె కాదు. తండ్రి డబ్బివ్వలేదని పాపను పంపడం ఆపితే, పాపను పంపడం ఆపారని డబ్బు ఆపాననే వాదన ఆయన చేతికి మనమే అందించినట్టు.

అఫిడవిట్‌ను చదివిన విధం

2020 నవంబరు 4న రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు భరణం కేసులన్నిటికీ ఆస్తులు, అప్పుల అఫిడవిట్‌ను తప్పనిసరి చేసి నమూనా కూడా ఇచ్చింది. ప్రతివాది నాలుగు వారాల్లో దాఖలు చేయాలి, అందుకోసం రెండు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. చాలా కోర్టుల్లో ఇది మొక్కుబడిగా జరుగుతుంది. "లేదు, లేదు, వర్తించదు" అని నింపి ఇస్తారు, రెండో పక్షం చదవకుండా ఫైల్లో పెడుతుంది. 2023 నవంబరులో ఇంకో చిన్నపాప భరణం కేసును, ఈ అఫిడవిట్లు లేకుండానే తేల్చారన్న కారణంతో సుప్రీంకోర్టు తిరిగి విచారణకు పంపిందని గుర్తుచేస్తూ మెమో వేశాకే ఇక్కడ ఆయన అఫిడవిట్ వచ్చింది.

ఆదాయం కాలమ్‌లో "లేదు". నెల ఖర్చుల కాలమ్ మాత్రం శ్రద్ధగా నింపారు, బహుశా తన కష్టం తెలియాలని. కారు ఈఎంఐ 11,400, పెట్రోలు 4,000, ఫోను, ఇంటర్నెట్ 1,500, ఇంట్లో తిండికి 6,000, ఇన్సూరెన్స్ 3,100. మొత్తం 26,000.

రాజీనామా చేసి అప్పటికి ఆరు నెలలు. ఆరు నెలలకు ఖర్చు 1,56,000. ఆయన ఇచ్చిన స్టేట్‌మెంటులో తండ్రి నుంచి వచ్చినవి పదివేల చొప్పున రెండు, 20,000. నిల్వ 48,000 నుంచి 41,000కి దిగింది, అంటే వాడుకున్నది 7,000. మిగతా 1,29,000 ఎక్కడిదో తెలియదు.

అంతకన్నా ముఖ్యమైనది, ఆ స్టేట్‌మెంటులో కనిపించని ఒక వరస. ప్రతి నెలా ఐదో తారీఖునో ఏడో తారీఖునో పోవాల్సిన 11,400 ఈఎంఐ అందులో ఎక్కడా లేదు. కారు లోను ఈఎంఐ సాధారణంగా ఖాతా నుంచి ఆటోమేటిగ్గా కట్ అవుతుంది. ఇక్కడ కట్ కాలేదంటే ఇంకో ఖాతా నుంచి కట్ అవుతోంది. ఆ ఇంకో ఖాతా అఫిడవిట్లో లేదు. కాపురం నాటి ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం), తల్లి పాత ఫోన్లో మిగిలిన మెసేజ్‌లు వెతికితే ఆ బ్యాంకు పేరు, ఖాతా చివరి నాలుగంకెలు దొరికాయి.

స్టేట్‌మెంటులో ఏముందో అందరూ చూస్తారు. ఏం ఉండాలో ముందు ఒక కాగితం మీద రాసుకుని, అది లేకపోవడాన్ని పట్టుకోవాలి. ఈఎంఐ, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఫోన్ బిల్లు, క్రెడిట్ కార్డు చెల్లింపు, ఈ నాలుగూ ఏ ఖాతా నుంచి పోతున్నాయో తేలితే మనిషి డబ్బు దారి చాలావరకు తెలిసిపోతుంది.

రెండో దరఖాస్తు

ఈసారి బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద నాలుగంటే నాలుగే కాగితాలు అడిగాం. ఒక్కోదానికి ఎందుకన్నది ఒక్క వాక్యం.

రాజీనామా పత్రం, రిలీవింగ్ లెటర్: ఉద్యోగం తీసేశారా, వదిలేశారా తేలడానికి. ఈపీఎఫ్ (ఉద్యోగి భవిష్య నిధి) పాస్‌బుక్: చివరి జమ ఏ నెలది, తర్వాత వేరే సంస్థ జమ చేస్తోందా చూడటానికి. ఫలానా బ్యాంకులో ఫలానా నాలుగంకెలతో ముగిసే ఖాతా స్టేట్‌మెంటు: అఫిడవిట్లో చెప్పిన ఈఎంఐ ఇచ్చిన స్టేట్‌మెంటులో లేదు కాబట్టి. ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఏఐఎస్, రెండు ఆర్థిక సంవత్సరాలది: ఆదాయం లేదన్న మాట సరిచూడటానికి.

ఏఐఎస్ గురించి తెలియనివాళ్ల కోసం. ఒక పాన్ మీద వచ్చిన జీతం, వడ్డీ, డివిడెండు, టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే పట్టుకునే పన్ను) కోతలు, షేర్లు, మ్యూచువల్ ఫండ్ లావాదేవీల్లో శాఖకు చేరినవన్నీ ఒకచోట కనిపించే పట్టిక అది. ఆ పాన్ ఉన్న మనిషి లాగిన్ అయి ఐదు నిమిషాల్లో దింపుకోవచ్చు. ఏ బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చిందో అందులో ఉంటుంది కాబట్టి దాచిన ఖాతాల పేర్లూ బయటపడతాయి. నా దగ్గర లేదు అనడానికి వీల్లేని కాగితం. ఒక వ్యక్తికి మాత్రమే తెలిసిన సంగతిని నిరూపించాల్సిన భారం ఆ వ్యక్తిదే అన్న సూత్రం, పాత సాక్ష్య చట్టం 106వ సెక్షన్, ఇప్పటి సాక్ష్య అధినియం 109, ఇక్కడ బాగా అతుకుతుంది. ఇవ్వకపోతే ఆయనకు ప్రతికూలంగా ఊహించమని ముందే రాసి ఉంచాం.

ఒక జాగ్రత్త: టీడీఎస్ వివరాలు మూడు నెలలకోసారి చేరతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెల్లించిన వాటి రిటర్ను గడువు జనవరి 31. అందుకే జనవరిలో తీసిన ఏఐఎస్‌లో ఆ మూడు నెలలు కనిపించకపోవచ్చు. ఫిబ్రవరి రెండో వారం తర్వాత దింపినదే కావాలని దరఖాస్తులో రాశాం.

దరఖాస్తు మంజూరైంది. ఏఐఎస్‌లో 194జె కింద ఒక వరస ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో అది వృత్తిపరమైన ఫీజు మీద కోసే టీడీఎస్. ఒక సంస్థ మూడు నెలల్లో 1,05,000 చెల్లించి 10,500 కోసింది. నెలకు 35,000 అన్నమాట. రెండో ఖాతాలో ఆ డబ్బు పడటం, అందులోంచి ఈఎంఐ పోవడం కనిపించాయి. పాస్‌బుక్‌లో కొత్త సంస్థ జమలు లేవు. అంటే ఉద్యోగం లేదన్నది నిజమే. కాంట్రాక్టు మీద పని చేస్తున్నారు, అంతే.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఆయన్ని బోనులో ప్రశ్నించేటప్పుడు, దీన్ని వాడిన తీరు కొంచెం చెప్పుకోవాలి. మొదటే ఏఐఎస్ చూపించలేదు.

"మీ నెల ఖర్చు 26,000 అని అఫిడవిట్లో రాశారు, సరేనా?"

"సరే."

"అది ఎవరు కడుతున్నారు?"

"మా నాన్నగారు."

"ఎలా ఇస్తారు, చేతికా, బ్యాంకులోనా?"

"బ్యాంకులోనే వేస్తారు."

ఆ తర్వాతే రెండో ఖాతా స్టేట్‌మెంటు చూపించి, అందులో తండ్రి పేరున ఒక్క జమ అయినా ఉందేమో చూపమని అడిగాం. "చేతికి కూడా ఇస్తారు" అన్నారు. అప్పుడు ఏఐఎస్. ముందే అది చూపించి ఉంటే, అది ఒకసారి వచ్చిన పని, మిగతాదంతా నాన్నగారే అని కథ సర్దుకునేది.

తప్పుడు అఫిడవిట్ మీద బీఎన్‌ఎస్‌ఎస్ 379 కింద చర్యకు దరఖాస్తు వేయాలని తల్లి పట్టుబట్టారు. వేయలేదు, ఆ హక్కు వదులుకోవడం లేదని మాత్రం వాదనల్లో నమోదు చేయించాం. ఆ దరఖాస్తు వేస్తే అది వేరే కేసై కూర్చుంటుంది. ఆయన శక్తి, డబ్బు దాన్ని ఎదుర్కోవడానికే పోతాయి. పాప ఫీజుకు అందులోంచి రూపాయి రాదు.

ఆర్డరు

వాదనలో రెండు తీర్పుల మీద ఆధారపడ్డాం. షమీమా ఫారూఖీ కేసు, 2015: ఉద్యోగ విరమణ చూపించి భరణాన్ని 4,000 నుంచి 2,000కి తగ్గించడాన్ని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అంజు గార్గ్ కేసు, 2022: ఆరోగ్యంగా ఉన్న మనిషి శారీరక శ్రమ చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలంది. తీర్పుల కంటే ముఖ్యంగా ఒక్క పేజీ పట్టిక ఇచ్చాం. ఎడమవైపు ఆయన అఫిడవిట్లోని మాట, కుడివైపు ఆయన కాగితాల్లోనే ఉన్న అంకె. ఆర్డరులో ఆ పేజీ దాదాపు యథాతథంగా కనిపించింది.

మధ్యంతర భరణం 9,000, పిటిషన్ వేసిన తేదీ నుంచి. తుది ఆర్డరులో 11,000. 35,000కి 24,000 లెక్కన 19,000లో తండ్రి వాటా 11,200 పైచిలుకు వస్తుంది కాబట్టి కోర్టు లెక్క ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. రెండేళ్లకోసారి పది శాతం పెంపు ఉండాలని, ప్రతివాది కొత్త ఉద్యోగంలో చేరితే 30 రోజుల్లో కోర్టుకు, తల్లికి తెలియజేయాలని రెండు షరతులు అడిగాం, రెండూ వచ్చాయి. ప్రతివాది నిరుద్యోగి అయిన కేసుల్లో ఈ రెండో షరతు లేకుండా ఆర్డరు తీసుకోకూడదు. ఈరోజు నిర్ణయించిన మొత్తం ఆయన అడుగున ఉన్నప్పటి మొత్తం కదా.

వసూలు

మధ్యంతర ఆర్డరు నాటికి ఏడు నెలల బకాయి 63,000. రెండు నెలలు 9,000 చొప్పున వేశారు, తర్వాత ఆపేశారు. తల్లికి జైలు వారెంటు కావాలి.

144(3) కింద చెల్లించని ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు వేయొచ్చు. కానీ జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరదు. అది వసూలుకు ఒత్తిడే తప్ప చెల్లింపు కాదని కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాంట్రాక్టు పని మీద బతికే మనిషిని నెల రోజులు లోపల పెడితే ఆ కాంట్రాక్టు పోతుంది, వచ్చే నెల 9,000 కూడా రాదు. నిజంగా దాచుకుని కూర్చున్న మనిషి మీదైతే వారెంటు బాగా పనిచేస్తుంది, పోలీసు ఇంటికొచ్చిన సాయంత్రమే డబ్బు దొరుకుతుంది. ఈయన రెండూ కాదు, మధ్యస్థం.

కాబట్టి మొదట జప్తు. భరణం ఆర్డరును డబ్బు డిక్రీలా సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ప్రకారం అమలు చేయొచ్చని రజ్నేష్ తీర్పే చెబుతోంది. ఏఐఎస్‌లో డబ్బు చెల్లించిన సంస్థ పేరు ఉంది. ఆ సంస్థ ఆయనకు బాకీ ఉన్న సొమ్మును కోర్టులో కట్టేలా, ఆర్డర్ 21, రూల్ 46ఎ కింద గార్నిషీ నోటీసు అడిగాం. నోటీసు ఆ సంస్థకు చేరాక ఆయనే వచ్చి బకాయిని మూడు వాయిదాల్లో కడతానని మెమో వేశారు, కట్టారు కూడా. పని ఇచ్చేవాళ్ల దగ్గర పరువు పోతుందన్న భయం జైలు భయం కంటే బలంగా పనిచేసింది.

జీతం ఉన్న మనిషైతే సీపీసీ 60 చూడాలి. మామూలు అప్పు డిక్రీకి జీతంలో మూడో వంతు దాకానే జప్తు చేయగలిగితే, భరణం డిక్రీకి రక్షణ మూడో వంతుకే ఉంటుంది, మూడింట రెండొంతులు జప్తుకు దొరుకుతుంది. పీఎఫ్ నిల్వను మాత్రం ముట్టుకోలేం.

వసూలులో ఎక్కువమంది నష్టపోయేది గడువు దగ్గర. 144(3) వారెంటుకు, బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేయాలి. ఇస్తాడులే, పండక్కి ఇస్తానన్నాడు అని రెండేళ్లు ఆగి వస్తారు, పాత నెలలన్నీ ఆ దారిలో చేజారిపోతాయి. మూడు నెలల బాకీ పడగానే ఒక దరఖాస్తు వేసి ఉంచాలి. తర్వాతి నెలల్ని అందులో కలుపుకుంటూ పోవచ్చు.

ఈ రకం కేసుల్లో ఇంకొన్ని

తండ్రి నిజంగానే ఏ పనీ దొరకని స్థితిలో ఉంటే ఏం చేయాలన్నది కూడా అడుగుతుంటారు, ముఖ్యంగా తండ్రులు. ఆర్డరును పట్టించుకోకుండా ఉండటం కాదు, 146 కింద తగ్గింపు కోసం దరఖాస్తు వేయాలి. ఎక్కడెక్కడ దరఖాస్తులు పెట్టారు, ఏ ఇంటర్వ్యూలకు వెళ్లారు అన్న ఈమెయిళ్లు జతచేయాలి. ఈలోగా పూర్తి మొత్తం కాకపోయినా ప్రతి నెలా బ్యాంకు ద్వారా ఎంతో కొంత పంపుతుండాలి. చేతికిచ్చిన డబ్బుకు లెక్క ఉండదు.

ఏ ఆధారమూ దొరకనప్పుడు కోర్టులు నైపుణ్యం గల కార్మికుడి కనీస వేతనాన్ని ఊహా ఆదాయంగా తీసుకోవడం మామూలు. చదువుకున్న మనిషి విషయంలో అక్కడికి జారనివ్వకూడదు. డిగ్రీ సర్టిఫికెట్ నకలు, పాత ఫారం 16, పనిచేసిన ఏళ్ల లెక్క, ఇవి మొదటి రోజే ఫైల్లో ఉండాలి. విడాకులప్పుడు చాలామంది ఆయన కాగితాలన్నీ వెనక్కి ఇచ్చేస్తారు, నకళ్లు కూడా ఉంచుకోరు.

వకీలు ఫీజు భారమైతే న్యాయసేవల చట్టం, 1987లోని 12వ సెక్షన్ కింద మహిళలకూ పిల్లలకూ ఆదాయ పరిమితి లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, 15100కి ఫోన్ చేయొచ్చు. ఈ కేసులో తల్లి మొదటి నోటీసుకు పెట్టిన ఖర్చు నిజానికి పెట్టాల్సిన పనే లేదు.

తుది ఆర్డరు తర్వాత కొన్ని నెలలకు ఆయన ఒక కంపెనీలో చేరారు. 30 రోజుల షరతు ప్రకారం తెలియజేయలేదు. అయితే ఆయన భరణం పంపే యూపీఐ ఖాతా మారింది. పాత ఖాతా బదులు ఇంకో బ్యాంకు పేరు కనిపించడం తల్లి గమనించారు. కొత్త ఉద్యోగంలో చేరినవాళ్లకు ఆ సంస్థ సూచించిన బ్యాంకులో జీతం ఖాతా తెరవడం మామూలే కాబట్టి, ఆ ఒక్క ఆధారంతో తాజా పీఎఫ్ పాస్‌బుక్, అపాయింట్‌మెంట్ లెటర్ సమర్పించాలని దరఖాస్తు వేశాం. ఈసారి అభ్యంతరం రాలేదు. మొత్తం పెంచమని 146 కింద పిటిషన్ ఇప్పుడు విచారణలో ఉంది. మూడో తరగతి ఫీజు రసీదుతో ఖర్చుల పట్టిక మళ్లీ రాసి జతచేశాం.